బతుకమ్మ పాట వీడియో: ముందే జనాన్ని అడగాలా, స్టోరీబోర్డు గీసినంక చూపాలా?

పానగల్ జట్టు:
నల్లగొండల డిగ్రీ జర్నలిజం ప్రాజెక్టు, ఐదుగురం. బతుకమ్మ పాట రికార్డయింది, నిడివి 4 నిమిషాల 10 సెకన్లు. చేతిల 15,000 రూపాయలు, షూటింగుకు రెండు రోజులు. ప్రేక్షకులను తెలుసుకొని వీడియో ప్లాన్ చేసినట్టు రిపోర్టుల చూపాలె. గూగుల్ ఫారం పంపి, జవాబులను బట్టి కథ రాద్దామని ముగ్గురంటున్నరు. కథ మనమే రాసి, జనానికి చూపి దిద్దుకుందామని ఇద్దరంటున్నరు. తెలిసిన అన్నలు, అక్కలు చెప్పండి.

కటింగ్ టేబుల్:
ఆ ఇద్దరి మాటే కరెక్టు తమ్మీ. ‘మీకు ఎట్లాంటి కథ నచ్చుతది?’ అని అడిగితే మనిషి మొన్న చూసిన పాటనే చెప్తడు. యాభై జవాబులు కలిపితే ప్రేమకథ, చెరువు కట్ట, డ్రోన్ షాటు, చివర్ల కన్నీళ్లు వస్తయి. అది ఇప్పటికే యూట్యూబ్ నిండ ఉన్నది.

ముందు స్టోరీబోర్డు, అంటే షాటు షాటుకు ఒక బొమ్మ, గియ్యండి. మీ పాటకు 40 బొమ్మలు చాలు, ఆరు సెకన్లకు ఒకటి పడ్తది. గీసుడు రాకుంటే దోస్తులను నిలబెట్టి ఫోనుతోటి ఫొటోలు తీసి, పాట మీద పేర్చండి. ఒక్కొక్కరికి విడిగ చూపాలె. పదిమందిని కూసోబెడితే మొదట నోరు తెరిచినామె మాటనే మిగతావాళ్లు అంటరు. ‘ఎట్లుంది?’ అని అస్సలు అడగొద్దు. ‘మంచిగుంది’ అంటరు, అది మర్యాద కొద్ది వచ్చే జవాబు. పక్కన కూసోని, చూపు ఏ సెకనుకు ఫోను మీదికెల్లి పక్కకు పోయిందో రాసుకోండి. అయిపోయినంక ‘ఏం జరిగింది, చెప్పు’ అనండి. ముగ్గురు ఒక్క చోటనే తడబడితే తప్పు ఆ షాటుదే.

లెక్కలక్క:
అడుగుడు తప్పు కాదు, అడిగే ప్రశ్న తప్పు. ‘ఏం నచ్చుతది’ అని కాదు, ‘ఆఖరిసారి చూసిన బతుకమ్మ పాట ఏది, మీ ఫోన్ల తెరిచి చూపెడ్తరా?’ అనాలె. యాదికున్న దానికన్న హిస్టరీల ఉన్నది నిజం. వాళ్లు ఒప్పుకుంటేనే చూడాలె, పేర్లు రాసుకోవద్దు. ఎక్కడ చూసిండ్రు, ఫోను నిలువుగ పట్టుకున్నరా అడ్డంగనా, టీవీల పెట్టిండ్రా, పాట మొత్తం విన్నరా అన్న నాలుగు ముక్కలు చాలు.

ఇగ ఫారం సంగతి. గుడ్డిగ చీటీలు తీసినట్టు ఎంచిన 100 మందిని అడిగితే అటు ఇటు 10 శాతం తేడాతోటి లెక్క నమ్మొచ్చు. 30 మందే అయితే తేడా 18 శాతం దాక పోతది. కాలేజీ వాట్సాప్ గ్రూపుల పడేసిన లింకుకు ఈ లెక్క కూడ వర్తించదు, ఎందుకంటే జవాబిచ్చేది మీ దోస్తులే. మూడు వందలొచ్చినా అది దోస్తుల లెక్కనే. బతుకమ్మ ఆడేది ఎవరు? పత్తి చేన్లకెల్లి పొద్దుమీకినంక ఇంటికొచ్చే అక్కలు, అవ్వలు. వాళ్లకు మీ లింకు చేరనే చేరదు. 24 మందిని పంచుకోండి: కాలేజీ పిల్లలు 8, దేవరకొండ దిక్కు ఊర్లల్ల 30 నుంచి 50 ఏండ్ల ఆడవాళ్లు 8, మిర్యాలగూడ, నల్లగొండ బస్టాండ్లల్ల పాటలు వినే పోరగాళ్లు 8. కాగితం మీద రాసుకపోయి నోటితోటి అడగండి. పొద్దుగాల పోతే ఎవరూ దొరకరు, రాత్రి ఏడు దాటినంక పోండి.

పాలమూరు కెమెరా:
ఇద్దరు కథ చుట్టే తిరుగుతున్నరు. ముందే అడగాల్సింది ఫ్రేము (బొమ్మ నిలువా, అడ్డమా) గురించి, ఎందుకంటే షూటింగు అయినంక అది మారదు. ఎక్కువ మంది నిలువు ఫోన్లనే చూస్తరని తేలిందనుకోండి. 1920 బై 1080 అడ్డం వీడియోల నడుమకెల్లి నిలువు ముక్క కోస్తే వెడల్పు 607 పిక్సెళ్లే మిగుల్తది, బొమ్మ మసకబారుతది. 4కేల (3840 బై 2160) తీస్తే 1215 మిగుల్తది, నిలువు వీడియోకు కావాల్సిన 1080కి సరిపోతది. అయినా పన్నెండు మంది ఆడే వలయం పక్క నుంచి తీస్తే ఆ ముక్కల పట్టదు, అటు ఇటు సగం మంది తెగిపోతరు. మిద్దె మీదికెల్లి కిందికి తీయండి. గుండ్రటిది కదా, నిలువుల కూడ ఇముడుతది.

ఇంకోటి. ఫోను స్పీకర్ల డప్పు కింది మోత దాదాపు వినిపియ్యదు, చప్పట్లు మాత్రం మస్తు స్పష్టంగ వినిపిస్తయి. సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు) నడిచే వీడియోల ఒక్క ఫ్రేము 40 మిల్లీసెకన్లు. చప్పట్ల చప్పుడు బొమ్మకన్న మూడు ఫ్రేములు ముందుకో వెనక్కో జరిగినా చూసేటోళ్లకు తెలిసిపోతది. స్లో మోషన్ కావాలంటే సెకనుకు 50 ఫ్రేములల్ల తీస్తూ, సెట్ల పాటను రెండింతల వేగంతోటి పెట్టండి. మామూలు వేగంతోటి పెడితే ఎడిటింగుల వీడియోను సగం వేగానికి తగ్గించినంక పెదవి, పాట కలువయి. తెంపిన పువ్వు ఎండకు వాడుతది కాబట్టి పూల షాట్లు తెల్లారంగనే అయిపోవాలె.

కటింగ్ టేబుల్:
ఫ్రేము సంగతి ఒప్పుకుంట. కథ మాత్రం ఓట్లకు పెట్టొద్దు. అడగకుండనే తెలిసేది ఇంకోటున్నది. బాగ నడిచిన యూట్యూబ్ వీడియోలకు కింది గీత మీద గుట్టల్లెక్క ఒక గ్రాఫ్ కనవడ్తది, జనం తిరిగి తిరిగి చూసిన చోటు అది. ఐదారు బతుకమ్మ పాటలు తీసుకొని ఆ గుట్టలు ఏ సెకనుకు ఉన్నయో రాసుకోండి. మొదటి సెకన్లను లెక్కల పట్టుకోవద్దు, అందరూ అక్కడనే మొదలుపెడ్తరు. ఎక్కడ ఆగిండ్రో గ్రాఫ్ చెప్తది, ఎందుకాగిండ్రో చెప్పది. అడుగు నేర్చుకునేతందుకు వెనక్కి తిప్పిండ్రా, పువ్వు పేర్చుడు చూసేతందుకా అన్నది వీడియో చూసి మీరే కనిపెట్టాలె.

లెక్కలక్క:
అన్నా, కథను కూడ పరీక్ష పెట్టొచ్చు, అయితే మాటలతోటి కాదు. మొదటి 20 సెకన్లు రెండు రకాలుగ పేర్చండి: ఒకటి పువ్వు తెంపుడుతోటి, ఇంకోటి ఖాళీ వాకిలితోటి. 24 మందికీ రెండూ చూపి, ‘ఏది ముందుకు నడిపియ్యమంటరు?’ అని ఒక్కటే అడగండి. సగం మందికి ఒకటి ముందు, సగం మందికి రెండోది ముందు. వరుస మార్చకుంటే వరుసనే గెలుస్తది. 13కి 11 వస్తే ఏం తేలనట్టే, మీకు నచ్చింది పెట్టుకోండి. 18కి 6 వస్తే నమ్మండి.

పానగల్ జట్టు:
ఒక అవ్వ అడుగు తప్పున్నదంటే, మిగతావాళ్లు మంచిగున్నదంటే ఎవరి మాట లెక్క?

లెక్కలక్క:
అవ్వ మాటే. ఇష్టానికి లెక్కలుంటయి, తప్పొప్పులకు ఉండవు. పసుపు గౌరమ్మను ఎక్కడ పెట్టాలె, పాట మాట ఏది, చప్పట్లు ఎన్ని అన్నవి ఆడినోళ్లను అడిగి షూటింగుకు ముందే సరిజేసుకోండి.

పాలమూరు కెమెరా:
రిపోర్టుల గుండ్రటి ‘పై’ చార్టులు పేర్చకండి తమ్ముళ్లూ. అడగకముందు అనుకున్న షాటు, విన్నది, మార్చిన షాటు అని మూడు గళ్లు గియ్యండి. విన్నా మార్చనిది ఉంటే అది కూడ, ఎందుకు మార్చలేదో కారణంతోటి రాయండి. పాత స్టోరీబోర్డు కాగితాలు పారేయకండి, ఆ గళ్లు నింపేతందుకు అవే కావాలె.