హోమ్ స్క్రీన్ మీద 14 బటన్లు: 80/20 సూత్రం పెట్టి ఏవి తీసేయొచ్చు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ యాప్‌కి డిజైన్ చేస్తున్నాను. హోమ్ స్క్రీన్ మీద ఇప్పుడు 14 బటన్లున్నాయి: రిపోర్టులు, ఇంటి దగ్గర శాంపిల్ బుకింగ్, టెస్టుల రేట్లు, ప్యాకేజీలు, ఆఫర్లు, బ్రాంచీలు, ప్రిస్క్రిప్షన్ అప్‌లోడ్, కుటుంబ సభ్యులు, వాలెట్, రిఫండ్, ఆరోగ్య చిట్కాలు, భాష, ఫీడ్‌బ్యాక్, స్నేహితులకు చెప్పండి. మా సార్ ఎక్కడో 80/20 గురించి (సుమారు 80 శాతం ఫలితం 20 శాతం కారణాల వల్లే వస్తుందనే సూత్రం) విన్నారు. "జనం వాడేది మూడే కదా, ఆ మూడూ ఉంచి మిగతావి పీకేయండి" అంటున్నారు. అనలిటిక్స్ (ఏ బటన్‌ని ఎన్నిసార్లు నొక్కారో చూపే లెక్కలు) తీస్తే నిజమే, రిపోర్టులు, శాంపిల్ బుకింగ్, బ్రాంచీలే పైన ఉన్నాయి. రిఫండ్, భాష, కుటుంబ సభ్యులు అట్టడుగున. కానీ తీసేశాక ఎవరైనా గోల చేస్తే నా మెడకే చుట్టుకుంటుంది. సోమవారం మీటింగ్. ఏం చెప్పమంటారు?

జవాబు

మీ సార్ చెప్పింది సగం కరెక్టేనండీ. ముందుకు తేవాల్సినవి ఏవో లెక్క చెబుతుంది. మిగతావి తీసేయమని ఏ లెక్కా చెప్పదు. ఈ రెండూ వేరువేరు నిర్ణయాలు. మీటింగ్‌లో ముందు వాటిని విడదీయండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇటలీలో సంపద కొద్దిమంది చేతుల్లోనే ఎలా పోగుపడిందో 1890ల్లో ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పరేటో లెక్కలు వేశారు. తర్వాత నాణ్యత నిపుణుడు జోసెఫ్ జురాన్ పరేటో పేరుతోనే దాన్ని ఫ్యాక్టరీల నాణ్యత పనిలోకి తెచ్చారు, 80/20 అనేది అదే: లోపాల్లో ఎక్కువ భాగం కొన్ని కారణాల వల్లే వస్తుంది, కాబట్టి ముందు వాటి మీద పడండి అని. అంటే ఇది వరస తేల్చే సూత్రం. మనుషులూ టైమూ తక్కువ ఉన్నప్పుడు ముందు ఏది పట్టుకోవాలో చెబుతుంది. 80, 20 అనే అంకెలు కూడా రాతి మీద గీత కాదు. ఒకటి ఫలితాల వాటా, ఇంకొకటి కారణాల వాటా. అవి కలిసి వందే అవ్వాలని ఎక్కడా లేదు. మీ యాప్‌లో 70/10 రావచ్చు, 90/30 రావచ్చు.

మీ సార్‌కి చూపించడానికి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కథ బాగా పనికొస్తుంది. ఆఫీస్ 2000లో మెనూ తెరిస్తే తరచూ వాడేవే కనిపించేవి, మిగతావి కింద చిన్న బాణం గుర్తు వెనక దాక్కునేవి. దాదాపు మీ సార్ ఐడియానే. నిన్న ఉన్న చోట ఇవాళ లేకపోయేసరికి జనం చిరాకుపడ్డారు. తర్వాత వర్డ్ 2003 వాడకం లెక్కలు చూస్తే పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్, ఈ ఐదే మొత్తం కమాండ్ల వాడకంలో సుమారు 32 శాతం. పేస్ట్ ఒక్కటే 11 శాతానికి పైన. కానీ మొదటి పది దాటాక గ్రాఫ్ దాదాపు చదునైపోయింది, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి అవసరం అన్నమాట. అందుకే 2007లో రిబ్బన్ (మెనూల బదులు పైన ట్యాబులుగా ఉండే బటన్ల పట్టీ) తెచ్చినప్పుడు పేస్ట్‌ని పెద్ద బటన్ చేసి హోమ్ ట్యాబ్‌లో మొట్టమొదట పెట్టారు. మిగతావాటిని తీసిపారేయలేదు, పనిని బట్టి ట్యాబులుగా సర్దారు.

ఇంకొకరు (డెవలపర్)

అంత చరిత్ర ఎందుకండీ సోమవారం మీటింగ్‌కి? ఎన్నిసార్లు నొక్కారో ఎక్సెల్‌లో వేసి, ఎక్కువ నుంచి తక్కువకి సార్ట్ చేసి, పక్క కాలమ్‌లో మొత్తంలో శాతం కూడుకుంటూ పోండి. ఆ శాతాలకి గ్రాఫ్ గీస్తే గీత ఎక్కడ వంగుతుందో అక్కడ కోసేయండి. గంట పని. ఎవరూ నొక్కని బటన్‌ని మెయింటైన్ చేయడం మాకూ దండగే.

జవాబు

ఎక్సెల్ వరకూ మీతో ఏకీభవిస్తాను, ఆ షీట్ లేకుండా మీటింగ్‌కి వెళ్లకూడదు. కానీ నొక్కుళ్లు కాకుండా పనులు లెక్కపెట్టాలి.

ఒకాయన రిపోర్ట్ కోసం పొద్దున ఏడింటి నుంచి ఆరుసార్లు బటన్ నొక్కాడనుకోండి. అనలిటిక్స్‌లో అది ఆరు. నిజానికి ఆయనకి కావాల్సింది ఒక్కటే, రిపోర్ట్ రెడీ అయిందా లేదా అన్న మాట. అది హోమ్ స్క్రీన్ మీదే "శాంపిల్ ల్యాబ్‌కి చేరింది, రిపోర్ట్ సాయంత్రం 5కి" అని కనిపిస్తే ఆ ఆరూ సున్నా అవుతాయి. ఎక్కువ నొక్కుతున్నారంటే ఎక్కువ ఇష్టమనే కాదు, పని తెమలడం లేదని కూడా కావచ్చు.

అట్టడుగు బటన్లకి దీనికి తిరగేసిన జబ్బు ఉంటుంది. భాష ఒక్కసారే మారుస్తారు. అమ్మానాన్నల పేర్లు కుటుంబ సభ్యుల్లో ఒక్కసారే కలుపుతారు. అమెరికాలో ఉన్న కొడుకు తెనాలిలో ఉన్న నాన్న రిపోర్ట్ ప్రతి మూడు నెలలకీ చూడగలుగుతున్నాడంటే, ఎప్పుడో ఒక్కసారి నొక్కిన ఆ బటన్ వల్లే. లెక్కలో దానికి ఒకటి పడుతుంది, రిపోర్టులకి ఏడాదికి నాలుగు. భాషని ఎవరూ నొక్కలేదని తీసేస్తే, తెలుగులో చదువుకునేవాళ్లు యాప్ తెరవడమే మానేస్తారు. వాళ్లు ఆ తర్వాత మీ అనలిటిక్స్‌లో కనపడరు కాబట్టి గ్రాఫ్ ఇంకా అందంగా తయారవుతుంది!

రిఫండ్ సంగతి వేరు. అరుదుగానే అవసరపడుతుంది, కానీ అవసరపడ్డ రోజు మనిషి మంట మీద ఉంటాడు. ఇలాంటివాటికి తీవ్రత మార్కు కూడా వేయండి. యూజబిలిటీ (వాడటానికి ఎంత సులువో చూసే) పనిలో ఆ రంగం నిపుణుడు జేకబ్ నీల్సన్ వాడిన 0 నుంచి 4 స్కేలు ఉంది: 0 అంటే సమస్యే కాదు, 4 అంటే విడుదలకి ముందు సరిచేసి తీరాల్సింది. వాడకం ఒక కాలమ్, ఆ పని ఆగిపోతే ఎంత నష్టమో ఇంకో కాలమ్. రెండూ తక్కువగా ఉన్నవాటినే తీసేయండి.

ఇంకొకరు (హాస్పిటల్ ఫ్రంట్ ఆఫీస్)

నాకు డిజైన్ తెలియదు కానీ ఒక మాట. మీ ల్యాబ్‌లో ఫోన్లు ఎత్తే అమ్మాయి పక్కన రెండు మూడు రోజులు కూర్చోండి. మా దగ్గర పొద్దున వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం "రిపోర్ట్ వచ్చిందా", "పరగడుపున రావాలా, టీ తాగొచ్చా" ఈ రెండే. ఆ రెండో ప్రశ్నకి జవాబు చెప్పే బటన్ మీ 14లో ఒక్కటీ లేదు. లేని బటన్‌ని ఎవరు నొక్కుతారు?

జవాబు

ఇది నాకు తట్టలేదండీ, థాంక్స్. అనలిటిక్స్ ఉన్నవాటినే కొలుస్తుంది. కాల్స్‌కి ఒక కాగితం పెట్టి, కారణం పక్కన గీతలు గీసుకుంటూ పోండి. ఆ కాగితాన్నీ అదే ఎక్సెల్‌లో వేసి సార్ట్ చేయండి. ఈ సూత్రం బటన్ల కన్నా ఇబ్బందుల మీద ఇంకా బాగా పనిచేస్తుంది. నాలుగైదు కారణాలే ఎక్కువ కాల్స్ తెస్తున్నట్టు తేలితే, మీ వచ్చే రెండు నెలల పనేంటో అదే చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు

నిన్న కౌంటర్లో కూర్చున్నాను. పరగడుపు ప్రశ్న మా దగ్గరా అంతే! ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను: పైన రిపోర్ట్ స్టేటస్, దాని కింద శాంపిల్ బుకింగ్, బ్రాంచీలు. పరగడుపు సంగతి బుకింగ్ కన్ఫర్మ్ అయిన స్క్రీన్ మీదా, ముందు రోజు రాత్రి మెసేజ్‌లోనూ. రేట్లు, ప్యాకేజీలు, ఆఫర్లు ఒకే చోటికి. ప్రిస్క్రిప్షన్ అప్‌లోడ్ బుకింగ్ లోపలికి. వాలెట్, ఫీడ్‌బ్యాక్ ప్రొఫైల్‌లోకి. చిట్కాలు, స్నేహితులకు చెప్పండి పూర్తిగా తీసేస్తాను. కానీ రిఫండ్, భాష, కుటుంబ సభ్యులు ఎక్కడ పెట్టాలి? ప్రొఫైల్‌లో పెడితే దొరకవని భయం.

జవాబు

రిఫండ్‌ని ప్రొఫైల్‌లో పెట్టకండి. క్యాన్సిల్ అయిన బుకింగ్ తెరిస్తే అక్కడే "మీ డబ్బు ఎంతవరకు వచ్చింది" అని ఉండాలి, వెతికేది అక్కడే. కుటుంబ సభ్యులు బుకింగ్‌లో "ఎవరికి టెస్ట్?" దగ్గర రావాలి. భాషని యాప్ మొదటిసారి తెరిచినప్పుడు అడగండి, తర్వాత మార్చుకోవడానికి హోమ్ స్క్రీన్ పై మూలన "తెలుగు" అని తెలుగు లిపిలోనే చిన్నగా ఉంచండి. ఇంగ్లీషులో "లాంగ్వేజ్" అని రాస్తే, అది కావాల్సినవాళ్లే చదవలేరు.

చిట్కాలు తీసేసేముందు మార్కెటింగ్ వాళ్లని ఒక మాట అడగండి. ఆ పేజీలకి గూగుల్ నుంచి జనం వస్తుంటే వెబ్‌సైట్‌లో ఉంచి, యాప్‌లోంచి మాత్రం తీసేయండి.