మాత్రకూ మొదటి ముద్దకూ మధ్య ఆరు గంటలు: ఊళ్లో ఉన్న అమ్మకు తిండి ఎలా అందించాలి?

బోడుప్పల్ ఆడపడుచు:

నేను ఉప్పల్ దగ్గర ఒక బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తాను. మా అమ్మ అచ్చంపేట దగ్గర మా ఊళ్లో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. వయసు యాభై ఆరు. తొమ్మిదేళ్లుగా చక్కెర వ్యాధి.

పోయిన నెల పత్తి చేనులో పడిపోయింది. ఆ రోజు ఐదున్నరకు లేచి, మాత్ర వేసుకుని, టీ తాగి కూలీల ఆటో ఎక్కింది. పత్తి ఏరితే కిలో లెక్కన డబ్బులు కాబట్టి మధ్యలో ఎవరూ కూర్చోరు. సద్ది విప్పేది పదకొండున్నరకు. పదింటికే ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మూట మీదే ఒరిగిపోయింది. పక్క సాలులో ఉన్న మా వదిన వరస ఆమె ఒక బెల్లం ముక్క నోట్లో పెట్టబట్టి మాకు అమ్మ దక్కింది.

ఆసుపత్రిలో ఒక కాగితం రాసిచ్చారు. పొద్దున రెండు ఇడ్లీలు, పదింటికి పండు, సాయంత్రం వెన్న తీసిన పాలు. అమ్మకు చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. అంతా విని, "పండు ఎవరి చెట్టుది బిడ్డా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అమ్మకు పింఛను 2,016 రూపాయలు వస్తుంది. నేను నెలకు 2,000 తమ్ముడి ఫోనుకు పంపుతాను. ఆ డబ్బు ఎరువుల బాకీకి, పిల్లల ఫీజుకు పోతుంది. తమ్ముడు చెడ్డవాడు కాదు. రెండెకరాల కౌలుతో నలుగురిని సాకుతున్నాడు. కానీ ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలేది అన్నం, పలుచని చారు. నా చిన్నప్పుడు మా చేలో జొన్న ఉండేది. ఇప్పుడు గడప దాకా పత్తే. మా వాడలో అమ్మలాంటి వాళ్లు ఇంకో నలుగురున్నారు. ఒకామె డయాలిసిస్‌కు కూడా వెళుతోంది. ఏమి తినాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ తిండి వాళ్ల నోటి దాకా చేరే దారి ఎవరైనా చెప్పండి.

ఆహార నిపుణురాలు, తార్నాక:

అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి చూద్దాం. ఆమె వాడేది గ్లిమెపిరైడ్ లాంటిది అయితే దాన్ని టీ మీద వేసుకోకూడదు. ఆ రకం మాత్ర కడుపులో తిండి ఉన్నా లేకపోయినా చక్కెరను దించుతూనే ఉంటుంది. మొదటి భోజనంతో పాటే వేసుకోవాలి. చీటీ తీసుకెళ్లి, పొలం పనికి వెళ్లే రోజుల్లో ఎప్పుడు, ఎంత వేసుకోవాలో డాక్టరును అడిగి రాయించుకోండి. కూలికి వెళతానని ఆమె చెప్పి ఉండదు, వాళ్లు అడిగి ఉండరు.

మళ్లీ చెమట, వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే ఇంకోసారి ఇచ్చి, తేరుకున్నాక తిండి పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి. పక్కన ఏరే వాళ్లందరికీ ఈ మాట తెలియాలి.

ఇడ్లీ, పండు మరచిపోండి. రాత్రే చేసిపెట్టిన జొన్న రొట్టె, గట్టి పప్పు, చెంగున గుప్పెడు వేయించిన పల్లీలు, చాలు. జావ కన్నా రొట్టె నెమ్మదిగా అరుగుతుంది. అయితే డయాలిసిస్ ఆమెకు ఈ సలహా వర్తించదు. ఆకుకూరలు, అరటిపండు, కొబ్బరినీళ్లలోని పొటాషియం ఆమెకు ప్రమాదం. గుడ్డు తెల్లసొన లాంటి మాంసకృత్తులు మాత్రం మామూలు వాళ్ల కన్నా ఎక్కువ కావాలి. ఆమె కొలతలు వాళ్ల డాక్టరే చెప్పాలి.

నన్ను ఎప్పుడూ బాధించే విషయం ఒకటుంది. గర్భిణికి, బాలింతకు అంగన్వాడీలో గుడ్డు, పాలు ఉన్నాయి. క్షయ రోగికి నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. కాన్పులన్నీ అయిపోయి, చక్కెరతో చేనుకు వెళ్లే యాభై ఆరేళ్ల మనిషి ఏ పళ్లెంలోనూ లెక్కకు రావడం లేదు.

మాజీ రేషన్ డీలరు:

2025 ఉగాది నుంచి రాష్ట్రంలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు, అదీ బియ్యమే. అంత్యోదయ కార్డుకైతే ఇంటికి 35 కిలోలు. ఆదరువు లేని వితంతువులు, తీరని జబ్బున్నవాళ్లు ఇంటికి పెద్దగా ఉన్న కుటుంబాలు ఆ పథకం కిందికి వస్తాయి. మీ వాడలో ఒంటరిగా ఉండే ఆమె ఎవరైనా ఉంటే అడిగించండి. మీ అమ్మను మాత్రం తమ్ముడి కార్డు నుంచి విడదీయమని నేను చెప్పను. కార్డు విడిపోతే పొయ్యి విడిపోతుంది. జబ్బు మనిషి ఒంటి పొయ్యి మీద ఎన్నాళ్లు వండుకుంటుంది? డయాలిసిస్ రోగులకు 2022 నుంచి ఆసరా పింఛను ఉంది. ఆమెకు వస్తోందో లేదో కనుక్కోండి.

జహీరాబాద్ కోడలు, మియాపూర్:

అక్కా, మా అత్తగారి వైపు డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆడవాళ్ల సంఘాలు ఉన్నాయి. 1990లలో అక్కడి ఆడవాళ్లు బీడు పడ్డ భూములకు అప్పు ఇచ్చి జొన్న వేయించారు. ఆ అప్పు జొన్నల రూపంలోనే తిరిగి వచ్చేది. గింజలు ఊళ్లోనే దాచి, పనులు లేని కాలంలో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చేవారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరి వాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. మీ ఊళ్లో ఒక్కరోజులో అంత జరగదు. కానీ ఐదుగురు ఆడవాళ్లు, ఒక గాదె, తాళం చెవి వాళ్ల చేతిలో. అక్కడ మొదలుపెట్టవచ్చు. మీరు ఫోనుకు పంపేది డబ్బు, అది ఇంటిది అవుతుంది. గింజలు పంపితే అమ్మవిగా ఉంటాయి.

బోడుప్పల్ ఆడపడుచు:

అందరికీ దండాలు. ఆదివారం ఊరికి వెళ్లి వచ్చాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి చార్జీ డబ్బులతో రెండు కిలోల పల్లీలు కొన్నాను. మాత్ర ఇప్పుడు రొట్టెతోనే వేసుకోవాలని డాక్టరు రాసిచ్చారు. తమ్ముడితో నెమ్మదిగా మాట్లాడాను. సగం డబ్బు ఇక మీదట జొన్నలు, కందిపప్పు రూపంలో వస్తుందని చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మ సద్ది డబ్బా తనే తోమి ఇచ్చాడు.

మేస్త్రీ దగ్గరికి వదిన, అమ్మ, ఇంకో ఇద్దరు కలిసి వెళ్లారు. చేనులో దిగే ముందు పది నిమిషాలు తిననివ్వాలని అడిగారు. మొదట ఒప్పుకోలేదు. మనిషి పడిపోతే ఆ రోజు ఎన్ని మూటలు ఆగిపోయాయో వదిన లెక్క చెప్పింది, అప్పుడు ఒప్పుకున్నాడు. నిన్న ఫోనులో అమ్మ, గట్టు మీద ఐదుగురం కూర్చుని తిన్నాం, రొట్టెలోకి గోంగూర తొక్కు అని చెప్పింది. డయాలిసిస్ ఆమె పింఛను కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, ఈ వారం చూస్తాను.

ఇంకొక్కటి. ఎర్రగడ్డ రైతు బజారులో తెల్ల జొన్నలు దొరుకుతాయా? ఐదిళ్లకు కలిపి ఇరవై ఐదు కిలోలు కావాలి. శనివారం రాత్రి బస్సుకు వెళ్లాలి.