బేస్ గిటార్‌కి విడిగా యాంప్ కొనాలా, డీఐ బాక్స్ చాలా?

కావలి నాలుగు తీగలు:
అన్నలూ, మాది కావలిలో చిన్న బ్యాండ్, అందరికీ ఉద్యోగాలున్నాయి, రిసెప్షన్లకీ వినాయక చవితి పందిళ్లకీ వాయిస్తాం. నా బేస్‌ని ఇన్నాళ్లూ మా గిటారిస్టు యాంప్‌లోనే పెట్టా. మొన్న ఒంగోలులో వాయిస్తుంటే స్పీకర్ గరగరమంది, అప్పట్నుంచీ వాడు నాతో మాట్లాడటం లేదు. పదిహేను వేలలో ఏం కొనాలి?

ఒంగోలు లోస్వరం:
వాడి కోపం న్యాయమే తమ్ముడూ. బేస్‌లో లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, గిటార్‌లో లావు తీగ 82, అంటే సరిగ్గా ఒక స్థాయి పైన. అంత కింది స్వరానికి స్పీకర్ కోన్ చాలా ఎక్కువ ఊగాలి, గిటార్ స్పీకర్‌ని అందుకు చేయలేదు. పందిట్లో ఎలాగూ సౌండ్ వాళ్ల సబ్ వూఫర్లు ఉంటాయి, నువ్వు యాంప్ మోసుకెళ్లడం ఎందుకు, డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా) కొని నేరుగా మిక్సర్‌కి ఇవ్వు. బేస్‌లో బ్యాటరీ లేకపోతే పవర్‌తో నడిచే యాక్టివ్ డీఐ తీసుకో, పవర్ అక్కర్లేని ప్యాసివ్ దాంతో ఒక్కోసారి సౌండ్ మొద్దుబారుతుంది.

నెల్లూరు పాత డ్రమ్మర్:
డీఐ సరే, మరి స్టేజీ మీద ఈ అబ్బాయికి వినపడేదెలా? మానిటర్ (స్టేజీ మీద ఉన్నవాళ్లకి వినపడేలా పెట్టే స్పీకర్) అంటే పాటగాడికే అనుకుంటారు సౌండ్ వాళ్లు. బేరం రోజే అడిగి పెట్టుకో. ఇంకోటి, మన సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడువు.

కావలి నాలుగు తీగలు:
డీఐకే ఫిక్స్ అన్నా. మిగిలిన డబ్బుతో ముందు వాడి స్పీకర్ బాగు చేయిస్తా, లేకపోతే ఆదివారం ప్రాక్టీసుకి వచ్చేలా లేడు.