ఇంట్లో టైర్లు మార్చుకోడానికి ఇంపాక్ట్ రెంచ్ కొనాలా, పొడుగు పానా చాలా?

కృష్ణలంక_స్విఫ్ట్:
మొన్న హైదరాబాద్ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక పంక్చర్. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కానీ నట్టు కదిలితే కదా! కారుతో ఇచ్చిన పానా మీద ఎక్కి నిలబడ్డా రాలేదు. అంతకు ముందు నెలే ఒక టైర్ల షాపులో గాలి గన్నుతో బిగించారు. ఎండలో గంటసేపు అవస్థ పడ్డాక ఒక లారీ డ్రైవరన్న ఆపి తీసిపెట్టాడు. ఇక ఎలక్ట్రిక్ గన్ను, అదే ఇంపాక్ట్ రెంచ్, కొనేద్దామని ఉంది. కారు సాకెట్‌లో పెట్టే 12 వోల్టులది తీసుకోవాలా, బ్యాటరీతో నడిచే 20 వోల్టులదా? డబ్బాల మీద టార్క్ (నట్టుని తిప్పే బలం) 300, 500 న్యూటన్ మీటర్లు అని రాస్తున్నారు.

గోదావరి_గట్టు:
కొనొద్దు తమ్ముడూ. కారుతో వచ్చే పానా పొడవు పాతిక సెంటీమీటర్లు అనుకో. చివర 40 కిలోల బరువు మోపినా నట్టు మీద పడేది దాదాపు 98 న్యూటన్ మీటర్లే. అదే 60 సెంటీమీటర్ల బ్రేకర్ బార్‌తో, అంటే పొడుగు పానాతో, అంతే బలం పెడితే 235. ఛార్జింగ్ అక్కర్లేదు, పదేళ్లు డిక్కీలో పడి ఉన్నా పనిచేస్తుంది. గన్ను బ్యాటరీ మన మే నెల ఎండకి మూసిన కారులో ఉంటే పాడవుతుంది, తీరా అవసరానికి ఛార్జింగ్ ఉండదు.

ఓరుగల్లు_అమ్మ:
గోదావరి గారూ, మీ లెక్క సరైనదే. కానీ ఆ 40 కిలోలు పెట్టగలిగిన వాళ్లకే అది పనికొస్తుంది. నాకు కుడి భుజానికి ఆపరేషన్ అయింది, పొడుగు పానా కూడా నావల్ల కాదు. బ్యాటరీ గన్ను కొన్నాకే నా కారు చక్రాలు నేను మార్చుకుంటున్నాను, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా. బ్యాటరీని ఇంట్లో పెట్టుకుని, దూరం వెళ్లేటప్పుడు ఛార్జ్ చేసి తీసుకెళ్తాను. బలం ఉన్నవాళ్లు అక్కర్లేదనడం తేలిక.

బోల్టు_మాస్టర్:
అమ్మా, మీరన్నది నిజం. గన్ను వద్దనడం నా ఉద్దేశం కాదు, కానీ దాన్ని విప్పడానికే వాడాలి, బిగించడానికి కాదు. దీని గురించే నాకు బాధ.

నా క్రెటాకి మాన్యువల్‌లో నట్లు బిగించే టార్క్ 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు అని ఉంది. గన్ను ట్రిగ్గర్ ఒక్క క్షణం ఎక్కువ నొక్కితే అది దాటిపోతుంది, చేతికి తెలియను కూడా తెలియదు. ఒకసారి నేనే నట్టుని వేలితో నాలుగు చుట్లు ఎక్కించకుండా నేరుగా గన్ను పెట్టా. వంకరగా పట్టింది. తీసి చూస్తే స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) మరలు సన్నటి మెరిసే తీగలా చుట్టలు చుట్టుకుని నట్టులోంచి వచ్చాయి. స్టడ్ మార్చాల్సి వచ్చింది. ఆ తీగ ఇంకా దాచి ఉంచా.

కృష్ణలంక తమ్ముడూ, 12 వోల్టులది వద్దు. కారు సాకెట్ ఫ్యూజు చాలా కార్లలో 15 ఆంపులే, అంటే 180 వాట్లు. షాపువాళ్లు బిగించిన నట్టుకి అది చాలదు. ఇక 20, 18 వోల్టులు రెండూ ఒకటే, లోపల అవే అయిదు సెల్స్, నిండా ఛార్జ్ ఉన్నప్పటి లెక్క 20. డబ్బా మీద 'విప్పే టార్క్' ఎంతో చూడు, నీ కారుకి 300 ఉంటే ధారాళం. నట్టుకి తొడిగే సాకెట్ మాత్రం నల్లటి ఇంపాక్ట్ రకమే కొను, మెరిసే క్రోమ్‌ది గన్ను దెబ్బలకి పగిలి ముక్కలు ఎగురుతాయి. స్విఫ్ట్‌కి 19 మిల్లీమీటర్లది, నా క్రెటాకి 21. కానీ గన్ను కన్నా ముందు టార్క్ రెంచ్, అంటే మనం పెట్టిన టార్క్ రాగానే టక్ మనే పానా, కొనాలి. నట్లు ఎదురెదురుగా బిగించి, కారు దించాక టార్క్ రెంచ్ టక్ మనేదాకా తిప్పు, 50, 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూడు.

గోదావరి_గట్టు:
అమ్మా, మీ మాట విన్నాక నా మొదటి వాక్యం వెనక్కి తీసుకుంటున్నా. టార్క్ రెంచ్ విషయంలో మాస్టర్ గారిదే నా మాట కూడా. బార్ మాత్రం డిక్కీలో ఉండాల్సిందే.

కృష్ణలంక_స్విఫ్ట్:
సరే, ముందు టార్క్ రెంచ్, బార్, 19 సాకెట్ ఆర్డర్ పెట్టా. గన్ను సంగతి తర్వాత. ఆదివారం కారు నేల మీద ఉండగానే షాపువాళ్లు బిగించిన నట్లన్నీ వదులు చేసి, మాన్యువల్ లెక్కకి మళ్లీ బిగిస్తా. మిగతా మూడు చక్రాల నట్లు ఎంత మొండికేశాయో వచ్చి రాస్తా.