పిల్లి ఋణం: ‘ఒన్‌గయెషి’కి తెలుగు మాట ఏది?

పోయిన ఆదివారం జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ వాళ్ళ 2002 నాటి పిల్లుల సినిమా మళ్ళీ చూశాను. ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశా. ఇంగ్లీషులో ‘ది క్యాట్ రిటర్న్స్’. పిల్లి తిరిగొస్తుంది కాబోలు అనుకున్నాను చాన్నాళ్ళు. జపనీస్ పేరు ‘నెకో నో ఒన్‌గయెషి’. నెకో అంటే పిల్లి, ఒన్ అంటే ఒకరివల్ల పొందిన మేలు, కయెషి (సంధిలో గయెషి) తిరిగివ్వడం. సారసపక్షి ఇలా మేలు తీర్చుకునే జానపద కథ వాళ్ళకి ఒకటుంది, దాని పేరూ ఇదే మూస. అందులో పక్షిని తీసి పిల్లిని పెట్టారు. పిల్లి మూడేళ్ళ మేలు మూడు రోజుల్లో మరిచిపోతుందని అక్కడ సామెత కూడా ఉంది మరి!

మనమేం తక్కువ? విశ్వాసం అనే మాట మొత్తం కుక్కకి రాసిచ్చేశాం. పిల్లికి మిగిలినవి శాపాలు, చెలగాటం, కళ్ళు మూసుకుని తాగే పాలు. బిచ్చం కూడా అనుమానమే.

ఒన్‌గయెషిని తెలుగులో ఏమనాలి? ‘ప్రత్యుపకారం’ తప్పు కాదు గానీ సన్మానపత్రం వాసన. ‘కృతజ్ఞత’ చేసిన మేలు తెలిసి ఉండడం దగ్గరే ఆగిపోతుంది. ‘ఋణం తీర్చుకోవడం’ అంటే ఎలా ఉంటుంది? మన గుంపులో వాళ్ళు చెప్పండి.

ఒక సభ్యులు: బాగుందండీ, కాకపోతే పగ కూడా తీర్చుకుంటాం. “నీ బాకీ ఉంచుకోన్లే” అని ఎవరైనా అంటే నాకు టెన్షనే.

జపనీస్ నేర్చుకుంటున్న సభ్యురాలు: అక్కడా అంతేనండి. పగ తీర్చుకోవడాన్ని ‘షికయెషి’ అంటారు. అదే కయెషి!

ఇంకొకరు: ‘తీర్చడం’ వేరు, ‘తీర్చుకోవడం’ వేరు కదా. బ్యాంకు అప్పు తీరుస్తాం. తల్లి ఋణం, మొక్కు, ముచ్చట, దాహం తీర్చుకుంటాం. ఆ ‘కొను’ ఆత్మార్థకం. ఫలం చేసేవాడికే.

మొదట రాసినవారు: అయ్యో, సినిమా కథంతా ఆ ‘కొను’లోనే ఉందండీ! హారు అనే అమ్మాయి లారీ కింద పడబోయే పిల్లిని లాక్రాస్ అనే ఆట ఆడే వల కర్రతో లాగేస్తుంది. అది లేచి రెండు కాళ్ళమీద నిలబడి, దుమ్ము దులుపుకుని, వంగి థాంక్స్ చెబుతుంది. అది పిల్లుల యువరాజు. ఇక రాజుగారి కానుకలు మొదలు. స్కూల్లో చెప్పుల అర తెరిస్తే చక్కటి డబ్బాలు, వాటిలోంచి బతికున్న ఎలుకలు. ఆ పైన యువరాజుతో పెళ్ళి. ఆ పిల్ల ఏం కావాలనుకుంటుందో ఒక్క పిల్లీ అడగదు. ఋణం తీరడం లేదు, వాళ్ళు తీర్చుకుంటున్నారు.

మా ఇంటి పిల్లి వర్షాకాలంలో ఒకరోజు తోక తెగిన బల్లిని తెచ్చి సరిగ్గా నా దిండు పక్కన పెట్టింది. పెట్టి, నా మొహం వంకే చూస్తూ కూర్చుంది. నేను అరిచాను. అది మాత్రం చాలా తృప్తిగా కాళ్ళు నాక్కుంది.

జపనీస్ నేర్చుకుంటున్న సభ్యురాలు: అయితే ‘పిల్లి ఋణం తీర్చుకుంది’ అని ఖాయం చేద్దామా?

మొదట రాసినవారు: ఖాయమే. ఉండండి, వంటింట్లోంచి ఏదో నోట కరుచుకుని వస్తోంది.