కిటికీల చుట్టూ సిలికాన్ పెట్టడానికి ఎంత అడగాలి?

పాలకొల్లు పనివాడు:
నమస్కారమండి. కుళాయిలు, తలుపు గడియలు, ఇలా ఇళ్లలో చిన్న మరమ్మతులు చేస్తుంటాను. భీమవరంలో ఒకరు 11 అల్యూమినియం కిటికీలకు చుట్టూ సిలికాన్ పెట్టాలి, మొత్తానికి ఎంత అంటున్నారు. గాలివాన వస్తే గోడ చెమ్మ ఎక్కుతోందట. ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. కిటికీకి ఇంత అని చెప్పనా? పాత సిలికాన్ అక్కడక్కడ ఊడి వేలాడుతోంది.

కోనసీమ మేస్త్రి:
కిటికీ లెక్కన చెప్పకు తమ్ముడూ, అడుగుల లెక్కన చెప్పు. నీ కిటికీ చుట్టుకొలత 18 అడుగులు, 11 కిటికీలకు 198. సందు ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉంటే 300 మిల్లీలీటర్ల ట్యూబు 27 అడుగులు రావాలి. అది కాగితం మీద మాట. చేతిలో 22 వస్తే గొప్ప. పది ట్యూబులు కొనుక్కో. అదే సందు పది మిల్లీమీటర్లు ఉందనుకో, ట్యూబు పది అడుగులకే ఖాళీ! అందుకే చూడకుండా ఫోనులో ధర చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. లోతైన సందులో ముందు ఫోమ్ తాడు దూర్చు, సిలికాన్ ఆదా అవుతుంది.

అసలు కూలి గీకడంలో ఉంది. పాత సిలికాన్ మీద కొత్తది అంటదు. బ్లేడుతో మొత్తం తీసి, స్పిరిటుతో తుడిచి, రెండు వైపులా మాస్కింగ్ టేపు వేయాలి. వేలితో నునుపు చేయగానే, పైపొర కట్టకముందే టేపు లాగెయ్యాలి. ఆలస్యమైతే అంచు చిరుగుతుంది. అమలాపురం చుట్టుపక్కల నేను సామానుతో కలిపి అడుగుకు 35 రూపాయలు తీసుకుంటాను, పాతది గీకాలంటే మరో 15. మేడ మీద బయటి నుంచి చేయాలంటే పరంజా ఖర్చు వాళ్లదే.

పుల్లటి ఘాటు వాసన వచ్చే రకం కొనకు. అది అల్యూమినియాన్ని తింటుంది, సిమెంటుకూ సరిగా పట్టదు. న్యూట్రల్ అని రాసి ఉన్నదే అడుగు. ధర ఎక్కువే, అయినా అదే.

తణుకు రంగులాయన:
ఇంటికి రంగులు వేయించే ఆలోచన ఉందేమో కూడా అడగండి. సిలికాన్ మీద రంగు నిలవదు, ఆ తిట్లన్నీ మాకు తగులుతాయి.

రాజోలు గృహిణి:
మా ఇంట్లో పెట్టిన అబ్బాయి జారుడు కిటికీ కింది పట్టాలో నీళ్లు పోయే రంధ్రాలు కూడా మూసేశాడండి. మర్నాటి వానకు పట్టా నిండి నీళ్లు మంచం కిందికి వచ్చాయి. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

పాలకొల్లు పనివాడు:
చాలా థాంక్స్ అండి. మధ్యలో వాన వస్తే?

కోనసీమ మేస్త్రి:
తడి గోడ మీద పెట్టకు. సిలికాన్ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది, అయినా రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతే ఆరుతుంది. అక్టోబరు నుంచి మనకు ఈశాన్య వానలు, ఆలోపే ఒప్పుకో. ధర చెప్పే ముందు పైపుతో కింది నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి నీళ్లు కొట్టి చూడు, ఎక్కడ తడి లోపలికి వస్తుందో తెలుస్తుంది. కింది గట్టు లోపలికి వాలి ఉంటే అది తాపీ పని, నువ్వు ఒప్పుకోకు. సామాను డబ్బులు మాత్రం ముందే తీసుకో.