3.5 లీటర్ల ఇంజిన్ ఆయిల్ డబ్బా మొత్తం పోసేశాను, గేజి (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గీత దాటిపోయింది. శనివారం అరకు వెళ్లొచ్చా?

మాధవధార_వాలు:

అందరికీ నమస్కారం. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. తిట్టేవాళ్లు తిట్టండి గానీ, తిట్టాక ఏం చెయ్యాలో కూడా చెప్పండి.

బండి 2015 స్విఫ్ట్ పెట్రోల్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇన్నేళ్లూ ఆయిల్ బయటే మార్పించాను. పోయినసారి ఒక షెడ్డులో డ్రెయిన్ ప్లగ్గుకి (పాత ఆయిల్ దింపే అడుగు బిరడాకి) పాత వాషరే పెట్టి బిగించి పంపారు. నెల్లాళ్లు పార్కింగ్‌లో చుక్కలు. మా ఇంటి ఓనరు గారు రోజూ పొద్దున్నే ఆ మరక దగ్గర నిలబడి, ఒక్క మాట అనకుండా మా మేడ వైపు చూసేవారు. ఆ చూపు భరించలేక ఈసారి నేనే చేసుకుందామని వాషరు, ఫిల్టరు, ఆయిలు కొని తెచ్చుకున్నాను.

నిన్న స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర కూడా పోకుండా మొదలుపెట్టాను. అదే మొదటి తప్పనుకుంటా. పాత ఆయిల్ బేసిన్‌లోకి దింపి, కొత్త ఫిల్టరు రబ్బరుకి కాస్త ఆయిల్ రాసి చేత్తో బిగించాను. వాటర్ బాటిల్ కోసి గరాటు చేసుకుని పోయడం మొదలెట్టాను. మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లని ఉంది. డబ్బా మాత్రం 3.5. అడుగున కొంచెం మిగిల్చి ఎక్కడ దాస్తాం, పిల్లలు తీస్తారేమోనని మొత్తం వంపేశాను. అర నిమిషం స్టార్ట్ చేసి ఆపి, కాసేపాగి గేజి తీస్తే పై గుర్తుకి పైన ఇంకో వేలెడు తడి! మూడుసార్లు తుడిచి చూశాను, అదే.

ఇంకో సంగతి, మా పార్కింగ్ వాలుగా ఉంటుంది. మాధవధారలో కొండ వైపు ఇళ్లు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, స్కూటీకి స్టాండు వేసినా నమ్మకం ఉండదు.

శనివారం అత్తయ్య గారినీ మామయ్య గారినీ తీసుకుని అరకు వెళ్లాలి. ఒకటే టెన్షన్. ఇలాగే నడపొచ్చా?

బీచ్‌రోడ్_బండి:

అన్నా, అంత కంగారు అక్కర్లేదు. నేనూ ఒకసారి ఎక్కువ పోశాను, ఏమీ కాలేదు. తక్కువైతే ఇంజిన్ పట్టేస్తుంది గానీ ఎక్కువైతే ఏమవుతుంది? అదే తాగేస్తుంది. హాయిగా అరకు వెళ్లి బొంగులో చికెన్ తినొచ్చేయండి.

ఆటోనగర్_షెడ్డు:

పై తమ్ముడి మాట వినకండి బాబూ. నేను గాజువాక ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్నాను. గీత మీద ఒక పిసరు ఎక్కితే ఏమీ కాదు, నిజమే. మీది పిసరు కాదు.

కింద చాంబర్‌లో ఆయిల్ ఉంటుంది, దాని పైన క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరుగుతుంది. ఆ రెండూ తగలకూడదు. మట్టం బాగా పెరిగితే క్రాంకు ఆయిల్‌ని కొట్టడం మొదలెడుతుంది. కవ్వంతో మజ్జిగ చిలికితే నురగ వస్తుందే, అదే పని. పంపు ఆ నురగని లాగితే ఆయిల్‌తో పాటు గాలి కూడా వెళ్తుంది, ప్రెషర్ నిలవదు, బేరింగులు అరుగుతాయి. అంటే ఆయిల్ ఎక్కువైనా చివరికి తక్కువైన బాధే! పైగా సీళ్ల దగ్గర కారొచ్చు, ఇంజిన్ లోపలి ఆవిరి పోయే బ్రీదర్ పైపులోంచి ఆయిల్ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి పోయి సైలెన్సర్ నుంచి నీలం పొగ రావచ్చు. అనంతగిరి ఘాట్‌లో సెకండ్ గేర్‌లో ఇంజిన్ అరిపిస్తూ ఎక్కిస్తారు కదా, అప్పుడు చిలుకుడు ఇంకా ఎక్కువ. ఇలాగే వెళ్లొద్దు.

అసలు ప్రశ్న మీరు రాయలేదు. పాత ఆయిల్ ఎంత దిగింది? అది కొలిచారా? వాలు మీద దింపితే ప్లగ్గు ఉన్న వైపు పల్లం కాకపోతే కొంత చాంబర్‌లోనే ఉండిపోతుంది. గేజి కూడా వాలులో అబద్ధం చెబుతుంది, ఎక్కువైనా చూపిస్తుంది, తక్కువైనా చూపిస్తుంది. చదునైన చోట, ఇంజిన్ వేడెక్కాక, ఆపేసి ఐదు పది నిమిషాలు ఆగి చూసిందే లెక్క.

మాధవధార_వాలు:

గురువు గారూ, కొలిచాను! పాత ఆయిల్‌ని కూల్‌డ్రింక్ బాటిళ్లలో పోశాను. రెండు లీటర్ల బాటిల్ ఒకటి నిండింది, రెండోది సగానికి కాస్త తక్కువ. అంటే 3 లీటర్ల లోపే.

ఆటోనగర్_షెడ్డు:

పాతది ఎప్పుడూ కొంత కాలుతుంది, అందుకని మొత్తం లోపలే ఉండిపోయిందని అనలేం. కానీ పోసింది మాత్రం పుస్తకం కంటే 400 మిల్లీలీటర్లు ఎక్కువ, అది ఖాయం. ముందు ఇంట్లోనే ఓ 300 తీసేయండి. తర్వాత మెల్లగా చదును చోటుకి వెళ్లి చూసుకుని మిగతాది తేల్చండి. పెట్రోల్ బంకులో గాలి కొట్టే చోటు చాలావరకు చదునుగానే ఉంటుంది.

కేజీహెచ్_డౌన్:

తియ్యడానికి డ్రెయిన్ ప్లగ్గు మళ్లీ ముట్టుకోవద్దండీ, మోచేయి దాకా ఆయిలే. మెడికల్ షాపులో 60 మిల్లీలీటర్ల సిరంజి, సెలైన్ పైపు కొనండి. గేజి తీసి, ఆ గొట్టంలోంచి పైపు అడుగు దాకా దింపి లాగండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే తేలిగ్గా వస్తుంది. మరీ వేడిగా ఉంటే పైపు మెత్తబడిపోతుంది. పైపు చివర కత్తెరతో ఏటవాలుగా కత్తిరించండి, లేకపోతే అడుగుకి అతుక్కుపోతుంది.

మాధవధార_వాలు:

అప్‌డేట్. సిరంజి అడిగితే మెడికల్ షాపతను "పేషెంటు ఎవరండీ?" అన్నాడు. కారు అన్నాను. నవ్వలేదు.

ఇంట్లో ఐదుసార్లు లాగాను, 300. తేనెలాగా మెల్లగా ఎక్కుతుంది, ఒక్కో సిరంజికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఎన్‌ఏడీ దగ్గర బంకుకి వెళ్లి, పది నిమిషాలు ఆగి గేజి చూస్తే ఇంకా గీత మీద గోరంత ఉంది. మా వాలు చూపించిన వేలెడులో సగం అబద్ధమే అన్నమాట. అక్కడే బోనెట్ ఎత్తి ఇంకో మూడుసార్లు లాగాను. గాలి కొట్టే కుర్రాడు సెలైన్ పైపు చూసి "ఏటి సార్, బండికి బాలేదా?" అని అడిగాడు. మొత్తం 480 తీశాక తడి పై గుర్తుకి ఒక్క నూలుపోగు కింద ఆగింది.

తీసిన కొత్త ఆయిల్ శుభ్రమైన బాటిల్‌లో పోసి, పేరు రాసి బీరువా మీద పెట్టాను. పాత ఆయిల్ డ్రైనేజీలో పోయకుండా దాచాను, గురువు గారి షెడ్డులో తీసుకుంటారా?

ఆటోనగర్_షెడ్డు:

తెచ్చెయ్యండి. అరకు బయల్దేరే ముందు, చల్లగా ఉన్నప్పుడు బండి కింద ఒక పేపరు పరిచి చూడండి, ప్లగ్గు దగ్గర చుక్క పడుతుందేమో.

మాధవధార_వాలు:

రాత్రే పరిచాను. పొద్దున్న నేను లేచేసరికి ఓనరు గారు దాన్ని తీసి, ఆ పేపరే చదువుకుంటున్నారు.